మామునూరు ఎయిర్‌పోర్ట్ గోడ బయట మాకూ కొంచెం జాగా ఉంచండి

కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు గారికి,

నమస్కారం. మీరు తెలుగు చదువుతారు కాబట్టి ఇంగ్లిష్‌లో అర్జీ రాసే బాధ తప్పింది.

నేను హనుమకొండలో చిన్న ఫోటో స్టూడియో నడుపుతాను. పెళ్లిళ్లు, హాఫ్ శారీ ఫంక్షన్లు, పాస్‌పోర్ట్ ఫోటోలు, ఇదీ బతుకుదెరువు. మూఢం వచ్చి ముహూర్తాలు లేనప్పుడు పెళ్లిళ్ల కోసం కొన్న జూమ్ లెన్స్ విమానాల మీదికి తిరుగుతుంది. వరంగల్, కరీంనగర్, మంచిర్యాల వైపు నాలాంటి పిచ్చోళ్లు ఇంకొందరు ఉన్నారు. తీసిన ఫోటోలు వాట్సాప్‌లో పంచుకుంటాం. ఎవరైనా ఫోటో పెట్టగానే "బాగుంది" అనే మాట రాదు. "రిజిస్ట్రేషన్ ఏది?" అని అడుగుతారు. అంటే విమానం మీద రాసి ఉండే నంబరు. మన దేశపు విమానాలకు వీటీ అని ఉంటుంది, దాని తర్వాత ఉండే మూడు అక్షరాలు తెలిస్తే ఆ విమానం ఎప్పుడు తయారైంది, ఇంతకుముందు ఏ కంపెనీలో తిరిగింది, రంగులు ఎప్పుడు మారాయి, అంతా తవ్వి తీస్తారు. ఇంజిన్ కవచం కింది అంచు చదునుగా ఉంటే బోయింగ్ 737 అని, గుండ్రంగా ఉంటే ఎయిర్‌బస్ అని ఇంటర్ చదివే పిల్లలు కూడా టక్కున చెప్పేస్తారు.

మా దురదృష్టం ఏమిటంటే మాకు విమానాలు పైనుంచి పోయేవే. హైదరాబాద్ నుంచి కోల్‌కతా, భువనేశ్వర్ వెళ్లేవి దాదాపు మా నెత్తి మీదుగానే పోతాయి. వరంగల్ చేరేసరికి అవి చాలా ఎత్తులో ఉంటాయి, ఎంత పెద్ద లెన్స్ పెట్టినా గోరంత కనిపిస్తాయి. దగ్గరి నుంచి తీయాలంటే శంషాబాద్ దాకా పోవాలి. అందుకే 2025 ఫిబ్రవరి 28న వరంగల్ పక్కనే ఉన్న మామునూరు ఎయిర్‌పోర్ట్‌కు మీ శాఖ అనుమతి వచ్చిందన్న వార్త చూసి మా గ్రూపులో అర్ధరాత్రి దాకా ఎవరూ పడుకోలేదు. నిజాం కాలంలో కట్టిన ఎయిర్‌పోర్ట్ అది. 1981లో మూతపడింది. శంషాబాద్ ఎయిర్‌పోర్ట్‌కు 150 కిలోమీటర్ల లోపల ఇంకోటి రాకూడదని దాని ఒప్పందంలో ఉన్న షరతు ఇన్నేళ్లు అడ్డం పడింది. అది తొలగింది, సంతోషం. ఉన్న 696 ఎకరాలకు తోడు ఇంకో 253 ఎకరాలు తీసుకుంటున్నారు. నక్కలపల్లి, గుంటూరుపల్లి, గాడెపల్లి రైతుల లెక్క ముందు తేలాలి. వాళ్ల పరిహారం, వాళ్ల దారి సంగతి తేలాకే మా ముచ్చట. ఆ వరస తెలిసే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఇక అసలు విషయం. మా గ్రూపులో ఒక ఇంజినీరింగ్ కుర్రాడు ఆ మధ్య ఒక ఎయిర్‌పోర్ట్ బయట, అందరూ తిరిగే రోడ్డు పక్కన బండి ఆపి ఫోటోలు తీస్తుంటే పోలీసులు ఆపారు. "ఎవరికి పంపుతున్నావ్?" అన్నది మొదటి ప్రశ్న. వాడు నిజాయితీగా "మా గ్రూపుకు" అన్నాడు. అంతే, టెన్షన్ మొదలు! స్టేషన్‌లో కూర్చోబెట్టి, వాళ్ల నాన్నను పిలిపించి, మెమరీ కార్డు మొత్తం తుడిచేయించి పంపారు. ఆ కార్డులో వాళ్ల అక్క సీమంతం ఫోటోలు కూడా పోయాయి. ఏ రూల్ ప్రకారం ఆపారని తర్వాత అడిగితే ఎవరూ ఒక కాగితం చూపలేదు. పోలీసుల మీద నాకు కోపం లేదు, వాళ్ల చేతికి కూడా ఎవరూ కాగితం ఇవ్వలేదు కదా.

ఉన్న కాగితం 1937 నాటి ఎయిర్‌క్రాఫ్ట్ రూల్స్. అందులో 13వ నిబంధన ఏమంటుందంటే, ప్రభుత్వ ఏరోడ్రోమ్‌లో, అంటే విమానాశ్రయంలో గానీ, ఎగిరే విమానంలోంచి గానీ రాతపూర్వక అనుమతి లేకుండా ఫోటో తీయకూడదు. విమానంలో కూర్చున్న ప్రయాణికుడు ఫోటోలు, వీడియోలు తీసుకోవచ్చని 2020 సెప్టెంబర్‌లో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ వివరణ ఇచ్చింది. అంటే టికెట్ కొని కిటికీ పక్కన కూర్చున్నాయన టేకాఫ్ నుంచి ల్యాండింగ్ దాకా రన్‌వే మొత్తం వీడియో తీసి స్టేటస్ పెట్టుకోవచ్చు. గోడ బయట రోడ్డు మీద నిలబడి అదే విమానాన్ని తీసినోడు మాత్రం దొంగలా సంజాయిషీ ఇచ్చుకోవాలి. ఆ విమానం ఎక్కడ ఉంది, ఎంత ఎత్తులో ఉంది, దాని రిజిస్ట్రేషన్ ఏమిటి అన్నది ఫోన్‌లో ఫ్లైట్‌రాడార్ యాప్ తెరిస్తే చిన్నపిల్లలకు కూడా కనిపిస్తుంది.

భద్రత ఉత్తదే అని నేననను. 2010లో ఢిల్లీ ఎయిర్‌పోర్ట్ పక్కన హోటల్‌లో ఉండి విమానాలు చూస్తున్న ఇద్దరు బ్రిటన్ వాళ్లు అరెస్టయ్యారు. వాళ్ల దగ్గర పైలట్ల మాటలు వినే రేడియో ఉంది, మన దేశంలో అది తప్పు. మా గ్రూపులో ఆ రేడియోలు వద్దు, డ్రోన్లు వద్దు, సైనిక విమానాల ఫోటోలు వద్దు అని ముందే గీత గీసుకున్నాం. రేపు ఆదిలాబాద్‌లో వాయుసేనతో కలిపి ఎయిర్‌పోర్ట్ వస్తే అక్కడ కెమెరా బ్యాగులోంచి బయటికి తీయం. మామునూరు సంగతి వేరు, అది మామూలు జనం ఎక్కి దిగే ఎయిర్‌పోర్ట్.

అహ్మదాబాద్ సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు. 2025 జూన్ 12న విమానం కూలిన రోజే మీరు అక్కడికి వెళ్లారు. ఆ విమానం ఎగరడం, కిందికి దిగిపోవడం స్పష్టంగా చూపిన వీడియో ఒకటి ప్రపంచమంతా తిరిగింది. అది తీసింది ఊరి నుంచి వచ్చిన 17 ఏళ్ల పిల్లవాడు. దగ్గరగా పోయే విమానాన్ని సరదాగా ఫోన్‌లో పట్టుకుందామని డాబా ఎక్కాడు. పోలీసులు వాడిని సాక్షిగా పిలిచి వాంగ్మూలం తీసుకున్నారు. అరెస్ట్ చేశారని పుకారు లేస్తే, కాదని పోలీసులే చెప్పాల్సి వచ్చింది. చూడండి, విమానం ఫోటో తీశాడంటే అరెస్టే అయ్యుంటాడని జనానికి ముందే అనిపించింది! ఆ రోజు ఆ డాబా మీద ఆ పిల్లవాడు లేకపోతే చాలామంది నిపుణులకు చూడ్డానికి ఆ దృశ్యమే ఉండేది కాదు.

నేనడిగేవి రెండే. ఒకటి, పౌర విమానాశ్రయం గోడ బయట, పబ్లిక్ రోడ్డు మీద నుంచి ఏది తీయొచ్చో, ఏది తీయకూడదో ఒక పేజీలో తెలుగులోనూ రాయించి ఇవ్వండి. మా జేబులోనూ ఉంటుంది, కానిస్టేబుల్ జేబులోనూ ఉంటుంది. మామునూరులో రన్‌వే దగ్గర్లోనే పోలీసు శిక్షణ కళాశాల ఉంది, పాఠం అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు.

రెండోది కొంచెం ఖర్చుతో కూడింది. ప్లాన్ కాగితం మీద ఉండగానే గోడ బయట ఒక మట్టి గట్టు వేయించండి. గోడ కంటే ఎత్తు ఉండాలి, బండ్లు పెట్టుకోను జాగా ఉండాలి, నీడకు నాలుగు చెట్లు. ఇంగ్లండ్‌లో మాంచెస్టర్ ఎయిర్‌పోర్ట్ రన్‌వే పక్కనే జనం కోసం పార్కు పెట్టింది, పాత కాంకార్డ్ విమానాన్ని కూడా అక్కడే నిలబెట్టింది. టోక్యోలో హనేడా టెర్మినళ్ల పైన జనం నిలబడి చూసే డెక్‌లు ఉన్నాయి. మన టెర్మినల్‌కు కాకతీయ తోరణం ఎట్లాగూ పెడతారు, అది ఎవరూ అడగకున్నా వస్తుంది. గట్టు మాత్రం అడగనిదే రాదు. టికెట్ పెట్టండి, ఆధార్ చూపమనండి, గట్టు మీద సీసీ కెమెరా వేయించండి, మాకు అభ్యంతరం లేదు. రోజూ అక్కడ నిలబడే మనుషులకు కొత్త మొహం ఎవరిదో, కంచె ఎక్కడ తెగిందో అందరికంటే ముందు తెలుస్తుంది, ఆ లెక్కన మీకే లాభం.

గట్టు ఏ వైపు వేయాలన్నది మాత్రం మమ్మల్ని అడగండి. ఎండ మన వీపు మీద, విమానం ముందు ఉండాలి. తప్పు వైపు వేస్తే పొద్దంతా నల్లటి బొమ్మలే వస్తాయి. మొదట్లో దిగేవి ఏటీఆర్‌లే, అంటే ప్రొపెల్లర్లతో ఎగిరే చిన్న విమానాలే అయితే ఇంకో తిప్పలు ఉంది. షట్టర్ స్పీడ్ రెండువేలకు పెడితే ప్రొపెల్లర్ ఆగిపోయినట్టు వస్తుంది. రెండొందల దాకా తగ్గిస్తేనే ప్రొపెల్లర్ రెక్కలు తిరుగుతున్నట్టు కనిపిస్తాయి, కానీ చేయి కదిలితే ఫోటో పోయినట్టే. పిల్లలు అది నేర్చుకోవాలంటే పోలీస్ జీపు వస్తుందేమోనని వెనక్కి చూస్తూ నిలబడితే కాదు.

ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఇంజినీర్లు మామునూరుకు కొలతలకు వచ్చినప్పుడు కబురు పెట్టండి, మేమే వచ్చి చూపిస్తాం. పొద్దున ఏడింటికి పిలిస్తే మంచిది. ఎండాకాలం పది దాటిందంటే రన్‌వే మీద సెగ లేచి ఏదీ సరిగా కనపడదు.

ఇట్లు,
హనుమకొండ నుంచి ఒక ఫోటోగ్రాఫర్