మీ పిట్టగోడ పువ్వు మా డాబా మీద పూసింది

ఒరేయ్ బావా,

ఉగాదికి రాస్తానన్న ఉత్తరం ఇన్నాళ్ళకి రాస్తున్నాను, తిట్టుకోకు. ఇక్కడ అందరం బాగున్నాం. చిన్నదానికి పరీక్షలైపోయాయి, నాన్నగారి మోకాలు కాస్త నయం, నాకు ఆఫీసులో సీటు మారింది. అవన్నీ పక్కన పెట్టు. పూసిందిరా! సంక్రాంతికి అత్తయ్య తుంచి ఇచ్చిన టేబుల్ రోజా పూసింది! రాణీ రంగు, ఒంటిరేకుల పాతరకమే!

మొదట్నించీ చెప్తాను, లేకపోతే మజా ఉండదు. మేం ఊర్నించి రాగానే నేను పనిమీద బళ్ళారి వెళ్ళిపోయాను కదా. మా ఆవిడ ఆ కాడల్ని ఎంత అపురూపంగా చూసుకుందో! ఎండకి వాడిపోతాయని వంటింటి బాల్కనీలో నీడన పెట్టి, వర్మీకంపోస్టు వేసి, రోజూ బియ్యం కడిగిన నీళ్ళు పోసింది. నేను వచ్చేసరికి కాడలు మూరెడేసి సాగి కుండీ దాటి వేలాడుతున్నాయి. పచ్చగా నిగనిగలాడుతున్నాయి గానీ మొగ్గన్నది లేదు. కింద వాటా పిన్నిగారు "మందు వెయ్యండి" అన్నారు. నేను అత్తయ్యకి ఫోన్ చేశాను. "ఇక్కడ నేనేమైనా పోస్తున్నానా నాయనా? గోడమీద ఎండలో దాని మానాన అది పడుంటుంది. డాబా మీద పెట్టు" అంది.

అంతే. బోటనీ మాస్టారువి, నీకు చెప్పేదేముంది, నత్రజని ఎక్కువైతే బలమంతా ఆకుకీ కాడకీ పోతుంది. దీని సొంతూరు బ్రెజిల్, అర్జెంటీనా, ఉరుగ్వే వైపు. నీళ్ళు నిలవని నేల, నెత్తిన ఎండ. రోజుకి ఆరు గంటలైనా నేరుగా ఎండ తగలందే మనసిచ్చే మొక్క కాదు.

వెడల్పాటి పాత టబ్బుకి అడుగున చిల్లులు పెట్టి, మట్టి సగం, ఇసక సగం, గుప్పెడు ఇటుక ముక్కలు కలిపాను. ఎరువు చిటికెడు కూడా వెయ్యలేదు. కొసలు బెత్తెడేసి తుంచి, తుంచిన చోట ఆరనిచ్చి గుచ్చాను. వేలు పెట్టి చూసి లోపల పొడిగా ఉంటేనే నీళ్ళు. మా ఆవిడ ప్రాణం ఉసూరుమంది. అయినా వేళ్ళూనాయి, కొసలు ఇంకోసారి గిల్లాక పక్కల నుంచి కొమ్మలు తన్నుకొచ్చి టబ్బంతా పరుచుకుంది.

ఓ సాయంత్రం చూద్దునుగదా, కొసల్లో తెల్లటి నూగు మధ్య మొగ్గలు! చివర్న రంగు కూడా కనిపిస్తోంది. రేపు విచ్చుకుంటాయని ఇంట్లో అందరికీ చెప్పేశాను. తెల్లారేసరికి మబ్బు. రోజంతా ముసురు. ఒక్కటీ కళ్ళు విప్పలేదు, కొన్ని ముడుచుకున్నవి ముడుచుకున్నట్టే వాడిపోయాయి. మన కొత్తపేట మ్యాచ్ రోజు గుర్తొచ్చింది, ఇంక నువ్వే ఊహించుకో.

మర్నాడు ఎండ కాసింది. కాఫీ గ్లాసు పట్టుకుని ఎనిమిదింటికే డాబా ఎక్కాను. తొమ్మిది దాటాక ఒక మొగ్గ కొస వదులైంది. రేకులు ఒకదాని మీంచి ఒకటి జారి... ఎలా చెప్పను? పదింటికల్లా టబ్బు నిండా రాణీ రంగే! బీట్‌రూట్‌కి ఆ రంగునిచ్చే బీటలెయిన్లనే పదార్థాలే దీనిలోనూ, కాగితం పూలలోనూ ఉంటాయి. మందారం ఎరుపు వేరే కుదురు. అందుకేనేమో ఈ రంగు ఎండలో అంత గాఢంగా కొడుతుంది. చిన్నది పుల్లతో పువ్వు మధ్యన తాకింది. కేసరాలు పుల్ల వైపుకి కదిలాయిరా! తేనెటీగ వాలినా అంతే, దాని ఒంటికి పుప్పొడి అంటుకుంటుంది. మా ఆవిడ కాసేపు నోట మాట లేకుండా చూసింది. ఇప్పుడు నీళ్ళ చెంబు నా చేతికే ఇస్తోంది.

ఇది నీ ఇంటర్ పిల్లలకి చెప్పు. మొక్కలు ఎండతో ఆహారం చేసుకునే పద్ధతుల్లో సీ-4 ఒక రకం, క్యామ్ ఇంకో రకం అని విడివిడిగా చెప్తావు కదా. దీని చుట్టం, మన పప్పులో వేసుకునే గంగపాయలకూర, ఆ రెంటినీ ఒకే కణాల్లో నడుపుతుందని 2022లో యేల్ విశ్వవిద్యాలయం వాళ్ళు చూపించారు. కరువొచ్చినప్పుడు రాత్రిళ్ళు బొగ్గుపులుసు వాయువు పీల్చి దాచుకుంటుంది. నీళ్ళు తగ్గితే చచ్చిపోతుందని మనం బెంగపడతాం గానీ...

మధ్యాహ్నానికి అన్నీ ముడుచుకున్నాయి, ఒక్కపూట పువ్వేగా. అంతలోపే అత్తయ్యకి వీడియో కాల్‌లో చూపించాను. నవ్వుతూ నవ్వుతూ కళ్ళొత్తుకుంది. మీ గోడ రోడ్డు వెడల్పులో పోతోందని అప్పుడు చెప్పింది. నాకెందుకు చెప్పలేదురా? ఆ గోడమీద కూర్చునే కదా మనం ఆ రాత్రి... సరే, అది కలిసినప్పుడు.

ఒక్క పని చెయ్యి. వాళ్ళొచ్చేలోపు, గేటు పక్కనున్న పసుపుదాని కాడలు తుంచి పాత పేపర్లో చుట్టి ఉంచు. అది నా దగ్గర లేదు. ఎండిన కాయలుంటే అవీ కొయ్యి, కానీ కింద చెయ్యి పెట్టి. కాయకి పైన మూతలాంటిది ఊడి గింజలు రాలిపోతాయి, ఇసక కంటే సన్నం, వెండి రంగు. చల్లేటప్పుడు మట్టి కప్పకూడదు, వెలుతురు తగిలితేనే మొలుస్తాయి. కప్పకుండా ఎలా తడపాలంటే

ఆటో వచ్చేసింది, చిన్నదాని డాన్సు క్లాసు. తడపడం సంగతి ఫోన్లో చెప్తా. అత్తయ్యకి నమస్కారాలు.

నీ
బావ