పక్కన కూర్చునే విద్య

కడప

ప్రియ మిత్రునికి,

ఇక్కడ మేమందరం క్షేమం. అక్కడ అనంతపురంలో నువ్వూ, చెల్లెమ్మా, పిల్లలూ కుశలమని తలుస్తాను. నీ ఉత్తరం అంది పది రోజులైంది. తీరిక లేక జవాబు ఆలస్యం చేశానని అనుకోవద్దు. నువ్వు చివర్లో రాసిన నాలుగు వాక్యాలకు ఏం చెప్పాలో తేల్చుకోవడానికే ఇన్ని రోజులు పట్టింది. మీ అమ్మాయి ఇకమీదట తన వయొలిన్‌తో ఎవరికీ పక్కవాద్యం వాయించనని, వాయిస్తే సోలో కచేరీయే వాయిస్తానని పట్టుబట్టిందని, ముప్పై ఏళ్ళుగా పక్కవాద్యం వాయిస్తున్న పెదనాన్నను, నేను చెబితే వింటుందేమోనని రాశావు.

ముందుగా ఒక మాట. ఆ పిల్ల కోపంలో న్యాయం లేకపోలేదు. నిరుడు మనిద్దరం కలిసి వాయించిన ఆ సభవాళ్ళ కరపత్రం నా దగ్గర ఇంకా ఉంది. గాత్ర విద్వాంసుడి పేరు పెద్ద అక్షరాలలో, ఫొటోతో సహా వేశారు. కింద ఒక్క వరుసలో ‘వయొలిన్, మృదంగ సహకారం కలదు’ అని ఉంది. మృదంగం వాయించిన నీ పేరూ లేదు, వయొలిన్ వాయించిన నా పేరూ లేదు. షామియానా, మైకు ఏర్పాట్ల గురించి వేసినట్టే మన గురించీ వేశారు. ఆ రోజు నువ్వు నవ్వి ఊరుకున్నావు గానీ, ఇంటికి వచ్చాక నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు. అందుచేత మీ అమ్మాయిది అహంకారమని నేను అనను. అయితే ఆమె కోపం చేరవలసిన చోటికి కాక మరో చోటికి చేరుతున్నదని మాత్రం అంటాను. మర్యాద ఇవ్వనిది సభవాళ్ళు. పక్కన కూర్చుని వాయించే విద్య ఆమెకు ఏ అపకారమూ చేయలేదు.

ఈ సంగతి ఎలా చెప్పాలా అని ఆలోచిస్తున్న రోజుల్లోనే మా మేనల్లుడు నా ఫోనులో ఒక పాత రికార్డు పెట్టి వినిపించాడు. యోజెఫ్ యోవాకిమ్ అనే వయొలిన్ విద్వాంసుడు 1903లో, తన 72 ఏళ్ళ వయసులో ఇచ్చిన రికార్డు అది. ఆయన వాదనం ఈనాడు మనకు మిగిలింది మొత్తం ఐదే ఐదు చిన్న రచనల్లో. అది విన్న తర్వాత ఆయన జీవితం గురించి దొరికినదంతా చదివాను. నీ ఉత్తరానికి జవాబు నాకు ఆ జీవితంలోనే దొరికింది. కాస్త పొడుగైనా ఓపికగా చదువు, తర్వాత అమ్మాయికి వినిపించు.

ఆయన 1831లో కిట్సే అనే చిన్న ఊళ్ళో ఒక యూదు కుటుంబంలో పుట్టాడు. ఆ ఊరు అప్పట్లో హంగరీ రాజ్యంలోది, ఇప్పుడు ఆస్ట్రియాలో ఉంది. ఏడేళ్ళకే పెస్ట్ నగరంలో కచేరీ చేసిన ఆ పిల్లవాణ్ణి పైచదువుకు వియన్నా తీసుకుపోతే, అక్కడ ఒక గురువు కమాను పట్టే చెయ్యి బిగుసుకుపోయిందని, ఇక లాభం లేదని తేల్చేశాడట. అప్పుడు యోజెఫ్ బోమ్ అనే మరొక గురువు అతణ్ణి తన ఇంట్లోనే ఉంచుకుని, మన గురుకులాల్లో లాగా విద్య నేర్పాడు. ఈ బోమ్ ఎవరో తెలిస్తే నీకు ఒళ్ళు పులకరిస్తుంది. 1825లో సంగీతకర్త బీథోవెన్ రాసిన ఒక క్వార్టెట్, అంటే రెండు వయొలిన్లు, వాటికన్నా పెద్దవైన ఒక వయోలా, ఒక చెల్లో కలిసి వాయించే రచన, మొదటిసారి వాయించినప్పుడు రక్తి కట్టకపోతే, దాన్ని సాధన చేసి నిలబెట్టినవాడు ఈ బోమే. అప్పటికి బీథోవెన్‌కు చెవులు పూర్తిగా పోయాయి. ఆయన సాధన జరిగే చోట కూర్చుని, నాలుగు కమానుల కదలికను కళ్ళతో చూస్తూ, లయలో వెంట్రుకవాసి తేడా వచ్చినా పట్టుకునేవాడని బోమ్ తర్వాత చెప్పాడు. బీథోవెన్ నుంచి బోమ్‌కు, బోమ్ నుంచి యోవాకిమ్‌కు వచ్చిన ఆ విద్యను గురుపరంపర అని కాక మరేమనాలి?

పన్నెండేళ్ళ వయసులో ఆయన లైప్‌జిగ్ చేరి సంగీతకర్త మెండెల్సన్ నీడన పెరిగాడు. 1844 మే 27న లండన్‌లో మెండెల్సన్ నిర్వహణలో బీథోవెన్ వయొలిన్ కన్చెర్టో, అంటే పెద్ద వాద్యబృందం తోడుగా ఒక వయొలిన్ ముందు నిలిచి వాయించే రచన, వాయించాడు. అప్పటికి పదమూడేళ్ళు నిండలేదు. బాలమేధావులను వేదిక ఎక్కించకూడదని ఆ కచేరీ జరిపిన సంస్థకు నియమం ఉన్నా, ఈ పిల్లవాడి కోసం దాన్ని సడలించారు. 1806లో తొలిసారి వాయించిన తర్వాత పెద్దగా ఎవరూ పట్టించుకోని ఆ రచన, ఈ పిల్లవాడి చేతి మీదుగా మళ్ళీ లోకంలోకి వచ్చింది. వాద్యబృందమంతా ఆగిపోయి వయొలిన్ ఒక్కటే వాయించే ఘట్టాన్ని వాళ్ళు కెడెన్జా అంటారు. కచేరీలో నువ్వు ఒక్కడివే మృదంగం వాయించే తని ఆవర్తనం లాంటిదే అనుకో. దాన్ని కూడా ఆ పిల్లవాడే స్వయంగా కూర్చుకున్నాడు.

తర్వాత వైమార్‌లో పియానో విద్వాంసుడు లిస్ట్ దగ్గర, 1853 నుంచి హనోవర్ రాజాస్థానంలో ఉద్యోగాలు చేశాడు. హనోవర్‌లో ఉండగా ఒక వయొలిన్ విద్వాంసుడికి యూదుడన్న కారణంతో రావలసిన పదవి రాకపోతే, తాను అప్పటికే క్రైస్తవం పుచ్చుకుని ఉండి కూడా, రాజీనామాకు సిద్ధపడ్డాడు. 1869లో బెర్లిన్‌లో ఆయన పెద్దరికాన కొత్త సంగీత కళాశాల వెలిసింది. ఎన్నో దేశాల శిష్యులు ఆయన దగ్గరికి వచ్చారు. సొంతంగా కన్చెర్టోలు రాశాడు, వాద్యబృందాలను నడిపించాడు.

నేను అసలు చెప్పదలచుకున్నది ఇక్కడే ఉంది. ఒంటరిగా నిలబడితే మందిరాలు నిండే ఆ మనిషి, అదే 1869లో మరి ముగ్గురితో కలిసి ఒక క్వార్టెట్ బృందం పెట్టుకుని, 1907లో చనిపోయేదాకా, ముప్పై ఎనిమిదేళ్ళు దాన్ని నడిపాడు. పక్కన కూర్చునే వాళ్ళు మారుతూ వచ్చినా క్వార్టెట్ ఆగలేదు. ఏటా లండన్ వెళ్ళినప్పుడు కూడా అక్కడి విద్వాంసులతో కూర్చుని క్వార్టెట్లే ఎక్కువగా వాయించేవాడు. బీథోవెన్ చివరి రోజుల క్వార్టెట్లు అర్థం కానివని జనం దూరం పెట్టిన కాలంలో, వాటిని మళ్ళీ మళ్ళీ వినిపించి చెవులకు అలవాటు చేసినవాళ్ళలో ఆ నలుగురూ ముఖ్యులు. ఈ రకాన్ని వాళ్ళు ఛేంబర్ సంగీతం అంటారు. చిన్న గదిలో కొద్దిమంది ముందు వాయించడానికి పుట్టింది కాబట్టి ఆ పేరు. తాళం వేసి నడిపించేవాడు ఉండడు. మొదటి వయొలిన్ వాయించేవాడు ఊపిరి పీల్చి కమాను కొంచెం ఎత్తితే, మిగిలిన ముగ్గురూ ఆ ఊపిరిని బట్టి ఎత్తుకుంటారు. ఒక వాక్యం ఒకరి చేతిలో ఉన్నప్పుడు మిగిలినవాళ్ళు తగ్గాలి. అది తమ చేతికి రాగానే పెరగాలి. పల్లవి ఎత్తుగడలో నా కమాను కదలిక చూసి నువ్వు దరువు అందుకునే క్షణం ఉందే, అటువంటి క్షణాలతోనే వాళ్ళ కచేరీ అంతా నడుస్తుంది. అంతటి విద్వాంసుడు జీవితంలో సగం దీనికి ఇచ్చాడంటే, దాన్ని సోలోకు ఒక మెట్టు కింద ఉండే పనిగా ఆయన చూడలేదని స్పష్టం.

సంగీతకర్త బ్రామ్స్‌తో ఆయన స్నేహం సంగతి కూడా చెప్పాలి. ఇద్దరూ 1853లో, ఇరవై రెండేళ్ళ వయసు దాటకముందే కలుసుకున్నారు. పాతికేళ్ళ తర్వాత, 1878లో, బ్రామ్స్ తన వయొలిన్ కన్చెర్టో కాగితాలు ఆయనకు పంపి, వాయించడానికి కష్టమైన చోట్లు, చేతికి పొసగని చోట్లు, అసలు సాధ్యం కాని చోట్లు గుర్తుపెట్టమని అడిగాడు. బ్రామ్స్ పియానో విద్వాంసుడు. తంతుల మీద వేళ్ళు ఎంత దూరం సాగుతాయో ఆయనకు యోవాకిమ్ చెప్పాలి. సలహాలు ఇచ్చాడు, బ్రామ్స్ కొన్ని తీసుకున్నాడు, కొన్ని కాదన్నాడు. 1879 జనవరి 1న లైప్‌జిగ్‌లో బ్రామ్స్ నిర్వహణలో యోవాకిమ్ దాన్ని తొలిసారి వాయించాడు. ఆయన కూర్చిన కెడెన్జాను ఈనాటికీ చాలామంది వాయిస్తున్నారు. తర్వాత యోవాకిమ్ భార్యను అనుమానించి విడాకులకు పోతే, బ్రామ్స్ ఆమె పక్షాన ఉత్తరం రాశాడు. అది న్యాయస్థానం దాకా వెళ్ళింది. స్నేహం తెగిపోయింది. ఈ విషయంలో తప్పు యోవాకిమ్‌దేనని నా అభిప్రాయం. అయినా మాటలు లేని ఆ రోజుల్లో కూడా ఆయన బ్రామ్స్ రచనలు వాయించడం మానలేదు. 1887లో బ్రామ్స్ ఒక వయొలిన్, ఒక చెల్లో కలిసి వాయించే కన్చెర్టో రాశాడు. దాన్ని యోవాకిమ్, ఆయన క్వార్టెట్‌లో చెల్లో వాయించే హౌస్మన్ కలిసి కొలోన్ నగరంలో తొలిసారి వాయించారు. ఆ రచనతోనే ఇద్దరు స్నేహితుల మధ్య మళ్ళీ మాట కలిసింది. మాటలతో కుదరని రాజీ, పక్కపక్కన కూర్చున్న రెండు వాద్యాలతో కుదిరింది.

ఇక ఆ రికార్డు. రాత్రి అందరూ పడుకున్నాక చెవికి తగిలించుకుని, బాఖ్ రాసిన నిదానమైన ఒక రచన విన్నాను. పక్కవాద్యం ఏదీ లేదు, వయొలిన్ ఒక్కటే. ముందు నూనెలో ఆవాలు చిటపటలాడినట్టు పాత రికార్డు చప్పుడు; దాని వెనక నుంచి నాలుగు తంతుల మీద కమాను సాగి మొదటి స్వరాలు లేచాయి. నేను ఉలిక్కిపడ్డాను. ఇప్పటి పాశ్చాత్య విద్వాంసులు దాదాపు ప్రతి దీర్ఘస్వరాన్నీ ఊపుతారు. ఈ ముసలాయన స్వరాన్ని నిలువునా, సాదాగా, ఏ వణుకూ లేకుండా నిలబెట్టి, అవసరమనుకున్న చోట మాత్రమే వేలిని కొంచెం కదిలిస్తాడు. బ్రామ్స్ హంగేరియన్ నృత్యంలోనైతే ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి వేలు ఎత్తకుండా జారతాడు. అచ్చం మన జారు! వెంటనే లేచి నా ఫిడేలు తీసి, పాదం మీద ఆనించుకుని, ఎవరూ లేవకుండా మెల్లగా ఆ జారు వాయించి చూసుకున్నాను. మధ్యమం నుంచి పంచమానికి పోయేటప్పుడు నా గురువుగారు వేలు ఎక్కడ బరువు తగ్గించమనేవారో, ఆయన కూడా అక్కడే తగ్గించాడు.

ఇందులో పెద్ద వింత లేదేమో. ఆయన మూడేళ్ళ పిల్లవాడిగా ఉన్న 1834లోనే తిరువాంకూరులో స్వాతి తిరునాళ్ మహారాజు తన ఆస్థాన విద్వాంసుడు వడివేలుకు దంతపు వయొలిన్ బహూకరించాడు. అంతకు ముందే ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు ఆ వాద్యం నేర్చి మన సంగీతానికి మలిచాడు. అది మన దగ్గరికి వచ్చిందే గొంతు పక్కన కూర్చోవడానికి. దాన్ని మన తెలుగునాట ఒంటరిగా నిలబెట్టి జనాన్ని గంటల తరబడి కూర్చోబెట్టిన ద్వారం వెంకటస్వామి నాయుడుగారు కూడా మహామహుల పక్కన వాయించినవారే. పాడేవాడి ఊపిరి ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ తిరిగి లేస్తుందో విని విని ఉన్నందువల్లనే ఆయన ఫిడేలు పాటలాగా పలికిందని నేను నమ్ముతాను.

మన కల్యాణి రాగం కచేరీ రోజు నీకు గుర్తుందా? పెద్దాయనకు తారస్థాయి షడ్జం మీద ఊపిరి అందలేదు. సభ గ్రహించేలోపల నేను అదే షడ్జాన్ని సన్నగా పట్టి నిలిపాను, నువ్వు మృదంగం ఎడమవైపు తొప్పి మీద చెయ్యి ఆనించి ఆగావు. ఆయన ఊపిరి కూడదీసుకుని మళ్ళీ అందుకున్నాడు. ముందు వరుసలో కూర్చున్నవాళ్ళకు కూడా ఏమీ తెలియలేదు. కచేరీ అయ్యాక ఆయన ఏమీ అనకుండా నా కమాను పట్టే చేతిని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. మీ అమ్మాయికి ఇంకా ఇటువంటిది ఎదురు కాలేదు. ఆమె సోలో కచేరీలు తప్పక చేయాలి, నేనే ముందు వరుసలో కూర్చుంటాను. కానీ పక్కన కూర్చోవడం ఇప్పుడే మానేస్తే ఆమె చెవి సగంలో ఆగిపోతుందని నా భయం.

అందుకే ఒక ఏర్పాటు చేశాను. వచ్చే రథసప్తమికి దేవుని కడపలో నాకు కచేరీ ఉంది, మృదంగం నీదే. గాత్ర విద్వాంసుణ్ణి అడిగి ఒప్పించాను: మీ అమ్మాయి నా పక్కన కూర్చుని కృతులు నాతో కలిసి వాయిస్తుంది, మోహన ఆలాపనకు జవాబు మాత్రం ఆమె ఒక్కతే వాయిస్తుంది. శ్రుతి ఒకటిన్నర, తంతులు ముందుగానే మార్చుకుని, నాలుగు రోజులు సాగనిచ్చి తెమ్మను. తాడిపత్రి మీదుగా వచ్చే బస్సు ఎక్కితే మధ్యాహ్నానికి ఇంటికి చేరతారు, భోజనం ఇక్కడే. కరపత్రం అచ్చుకు ఇవ్వకముందు నాకు చూపించమన్నాను. ఈసారి అందులో అందరి పేర్లూ ఉంటాయి. మీ అమ్మాయి పేరు ఇంటిపేరుతో సహా ఎలా వేయించాలో వెంటనే రాయి.

చెల్లెమ్మకు, పిల్లలకు నా ఆశీస్సులు.

ఇట్లు,
నీ మిత్రుడు