ప్రెసిడెంట్ పదవికన్నా ఎక్కువగా కోరుకున్న కుర్చీ

ఒరేయ్ శీనూ,

"అమెరికా ప్రెసిడెంట్ అయ్యాక ఇంకేం కావాలిరా మనిషికి?" అని రాశావు కదా, పోయిన ఉత్తరంలో. ఆ పదవి దిగాక గానీ అసలు కోరిక తీరని మనిషి ఒకాయన ఉన్నాడు. విలియం హోవర్డ్ టాఫ్ట్. నల్లకోటు వేసుకునేవాడివి, నీకు తప్పకుండా నచ్చుతాడు.

1857లో సిన్సినాటిలో పుట్టాడు. 30 ఏళ్లు నిండకముందే ఒహాయోలో జడ్జి, తర్వాత ఫెడరల్ అప్పీలు కోర్టులో 8 ఏళ్లు. ఆయన ఆశంతా సుప్రీంకోర్టు మీద, భార్య నెల్లీ ఆశంతా వైట్‌హౌస్ మీద. అప్పట్లో అమెరికా ఏలుబడిలో ఉన్న ఫిలిప్పీన్స్‌కి గవర్నర్‌గా ఉండగా, అప్పటి ప్రెసిడెంట్ థియొడోర్ రూజ్‌వెల్ట్ సుప్రీంకోర్టుకు రమ్మంటే, ఇక్కడి పని సగంలో ఉందని వద్దన్నాడు. అంత ఇష్టమైనదాన్ని వదులుకున్నాడు చూడు! చివరికి నెల్లీ కోరికే నెగ్గి 1909లో ప్రెసిడెంట్ అయ్యాడు. రెండు నెలలకే ఆవిడకు పక్షవాతం వచ్చి మాట పోయింది. పక్కన కూర్చుని ఒక్కో మాటా మళ్లీ పలికించాడట.

నా మనసు చివుక్కుమన్నది 1910 దగ్గర. చీఫ్ జస్టిస్ పదవి ఖాళీ అయింది, ఎవరిని వేయాలో తేల్చాల్సింది టాఫ్టే. తను ఇన్నేళ్లూ కోరుకున్న ఆ కుర్చీలో 65 ఏళ్ల ఎడ్వర్డ్ వైట్‌ని తన చేత్తోనే కూర్చోబెట్టాడు. ఎంత బాధపడి ఉంటాడో!

1912లో రూజ్‌వెల్టే ఎదురు తిరిగి పోటీకి దిగాడు. టాఫ్ట్‌కి మిగిలింది మూడో స్థానం, 8 ఎలక్టోరల్ ఓట్లు. యేల్ యూనివర్సిటీకి వెళ్లి లా పాఠాలు చెప్పుకున్నాడు. 1921లో వైట్ పోయాక అప్పటి ప్రెసిడెంట్ హార్డింగ్ చీఫ్ జస్టిస్‌గా ఈయన పేరు పంపితే, సెనేట్ అదే రోజు ఒప్పేసుకుంది. రెండు పదవులూ చేసినవాడు నేటికీ ఆయనొక్కడే.

వచ్చినవాడు ఊరికే కూర్చోలేదు. వెంటపడి 1925లో చట్టం తెప్పించాడు. దాంతో చాలా అప్పీళ్లలో ఏది వినాలో సుప్రీంకోర్టే ఎంచుకునే వీలొచ్చింది. మన సుప్రీంకోర్టులో మీరు వేసే ఎస్‌ఎల్‌పీల్లో (స్పెషల్ లీవ్ పిటిషన్లు) ముందు అనుమతి కావాలి చూడు, ఇంచుమించు అలాగన్నమాట. అప్పట్లో ఆ కోర్టు కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) ఉండే కాపిటల్ భవనంలో, పాత సెనేట్ గదిలో నడిచేది. సొంత భవనం కావాలని కాంగ్రెస్‌ని ఒప్పించిందీ ఈయనే. అది తెరిచింది 1935లో, ఆయన పోయింది 1930లో.

ఒక్కచోట మాత్రం నేను ఆయన పక్షం కాదు. 1928లో ఓమ్‌స్టెడ్ అనే దొంగసారా వ్యాపారి ఫోన్లను అధికారులు వారంటు లేకుండా విన్నారు. ఇంట్లోకి అడుగుపెట్టలేదు కాబట్టి అది సోదా కిందకి రాదని టాఫ్ట్ తీర్పు రాశాడు. 5–4 తీర్పు. తోటి జడ్జి బ్రాండైస్ గట్టిగా విభేదించాడు, 1967లో కోర్టు ఆయన దారికే వచ్చింది. రెండూ చదివి, టాఫ్ట్ తరఫున వాదించడానికి ఏమైనా మిగిలుందేమో నువ్వే చెప్పు. నాకైతే కనపడలేదు. అమ్మగారికి నమస్కారాలు చెప్పు.

నీ
రవి