మా భోగిమంట ఏడున్నరకు

సంపాదక మహాశయులకు నమస్కారాలు.

సంక్రాంతి దగ్గరపడేసరికి ఏటా పత్రికలలో ఒకే తీరు ఉత్తరాలు, వ్యాసాలు కనిపిస్తుంటాయి. ఉద్యోగాల పేరుతో ఊళ్ళు విడిచిన కొత్త జంటలు పండుగకు ఇంటికి రావడం మానేస్తున్నారనీ, పెద్దవాళ్ళిద్దరూ రెండు విస్తళ్ళు వేసుకుని గుమ్మం వైపు చూస్తూ కూర్చుంటున్నారనీ, ఇదే వరస సాగితే పండుగలు పంచాంగంలో మాత్రమే మిగులుతాయనీ వాటి సారాంశం. ఆ బాధ ఉత్తుత్తిది కాదని మా ఇంట్లోనే చూశాను కాబట్టి దాన్ని కాదనబోవడం లేదు. కానీ పండుగకు రాని ఆ జంట ఆ పూట తామున్నచోట ఏం చేస్తున్నదో అడిగిన ఉత్తరం ఒక్కటీ నా కంటపడలేదు. తాళం వేసి సినిమాకు పోయి ఉంటారని అనుకుంటున్నారు కాబోలు. ఆ సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నేను విజయనగరంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తున్నాను. మాది అనంతపురం జిల్లా. నా భర్తది కోనసీమలో అమలాపురం దగ్గరి పల్లె. ఆయన పైడిభీమవరం వద్ద ఒక మందుల కర్మాగారంలో కెమిస్టు. 2023 వేసవిలో మాకు పెళ్ళయింది. అప్పటి నుంచి పెద్దచెరువుకు దగ్గర్లో రెండు గదుల వాటాలో అద్దెకుంటున్నాం. ఆయన పుట్టిన ఊరొక దిక్కు, నేను పుట్టిన ఊరొక దిక్కు, జీతమిచ్చే ఊరు మరో దిక్కు.

ఆసుపత్రికి పండుగ సెలవుండదు. రియాక్టరులో ఒకసారి బ్యాచ్ పడ్డాక అది భోగి అనీ కనుమ అనీ చూడదు, ఎవరో ఒకరు పక్కన నిలబడి ఉష్ణోగ్రత చూస్తూ ఉండవలసిందే. ఆ ఎవరో ఒకరు సాధారణంగా కొత్తగా చేరినవారూ, పిల్లలు లేనివారూ అవుతారు. ఆ లెక్కలో మేమిద్దరం రెండు చోట్లా ముందే తేలాం. పైగా రైలు టికెట్టుకూ మా డ్యూటీ చార్టుకూ పొంతన కుదరదు. రైల్వేవారు ముందస్తు రిజర్వేషన్ గడువును 2024 నవంబరు 1 నుంచి 120 రోజులకు బదులు 60 రోజులు చేశారు. దానివల్ల చాలామందికి సదుపాయం కలిగి ఉండవచ్చు గానీ, జనవరి నెల చార్టు డిసెంబరు చివరి వారంలో గోడకు అతికించే చోట పనిచేసేవారికి 60 రోజులైనా 120 రోజులైనా ఒకటే. తత్కాల్ ఉంది కదా అంటారు. పదకొండు గంటలకు స్లీపర్ తత్కాల్ తెరుచుకునే వేళకు నేను వార్డులో సెలైను మారుస్తూ ఉంటాను, ఆయన ఫోను గేటు దగ్గర అప్పగించి ప్లాంటు లోపల ఉంటారు.

అలా 2024 సంక్రాంతికి, అంటే పెళ్ళైన తొలి పెద్ద పండుగకు, కొత్త అల్లుణ్ణి మా పుట్టింటికి తీసుకువెళ్ళలేకపోయాను, కొత్త కోడలిగా నేను అత్తవారింటి గడపా తొక్కలేకపోయాను. "ఈసారన్నా వస్తాండారా, టికెట్లు తీసినారా?" అని అమ్మ అడిగిన రాత్రి ఫోను పెట్టేసి ఏడ్చాను. భోగి ముందురోజు సాయంత్రం మా ఇంటి యజమానురాలు, మేం మామ్మగారని పిలిచే పెద్దావిడ, మా గుమ్మంలో నిలబడి "ఏటమ్మా, తోరణం కట్టనేదు? పండగొచ్చిందని నీకెవులూ సెప్పనేదా?" అన్నారు. నిజంగా ఎవరూ చెప్పలేదు. పండుగ వచ్చిందని ఇంట్లో చెప్పవలసిన మనిషిని ఇకపై నేనేనని నాకు తట్టింది అప్పుడే.

ఆ రాత్రి ఆయనకు సి షిఫ్టు. ఉదయం ఆరింటికి దిగి, కంపెనీ బస్సెక్కి, ఇల్లు చేరేసరికి ఏడు దాటుతుంది. భోగిమంట తెల్లవారుజామున వేయాలన్నది అందరికీ తెలిసిన విషయమే. కానీ ఒక్కదాన్నే మంట వేసుకుని ఎవరితో చలి కాచుకోను? అందుకని ఆయన వచ్చాక, ఏడున్నరకు, వీధి అరుగు ముందు నాలుగు కట్టెలు పేర్చి, మామ్మగారి మనవడు గుచ్చిన పిడకల దండ అందులో వేసి వెలిగించాం. ఫోనులో చూసిన మా అత్తయ్య "సూర్యుడొచ్చాకా భోగిమంటేవిటే అమ్మాయ్, చలి పోయాక రగ్గు కప్పుకున్నట్టు!" అని నవ్వారు. నవ్వితే నవ్వారు గానీ, మరుసటి ఏడాది ఏడున్నరకు ఆవిడే ఫోను చేసి "మంట వేశారా?" అని అడిగారు. ఇప్పుడు మా వీధిలో రాత్రి డ్యూటీ చేసి వచ్చే మరో రెండిళ్ళవారు కూడా మా మంట దగ్గరికే వస్తున్నారు. తెల్లవారుజాము మంటలు ఆరిపోయిన వీధిలో మాది ఒక్కటే మండుతూ ఉంటుంది.

అరిసెల సంగతి చెప్పకపోతే ఈ ఉత్తరం అసత్యమవుతుంది. మొదటి ఏడాది బియ్యం నానబెట్టి, పిండి పట్టించి తెచ్చి, డ్యూటీకి వేళైందని డబ్బాలో పెట్టి వెళ్ళిపోయాను. మూత సరిగా పడక, తిరిగి వచ్చేసరికి పిండి తడి ఆరిపోయింది. అరిసెకు పిండి తడిగా ఉండగానే పాకంలో పడాలని నాకు తెలియదు, ఎందుకంటే మా వైపు పండుగంటే మా అమ్మ చేతి ఓళిగలే, అంటే బొబ్బట్లే. అత్తయ్య ఫోనులో పాకం చూస్తూ "గరిటె ఎత్తు, ఇంకా ఎత్తు, నీళ్ళలో వెయ్యి, ఉండ కట్టిందా?" అని అంతదూరం నుంచి వంట నడిపించారు. పాకం కుదిరింది, పిండి చెడింది. ఆ అరిసెలు కొరకడానికి నా భర్త పడిన పాట్లు చూసి మామ్మగారి మనవడు వాటితో గోడకు మేకు కొట్టవచ్చన్నాడు. అయినా వాటిని పారవేయలేదు, పాలలో నానబెట్టుకుని వారం రోజులు తిన్నాం. రెండో ఏడాదికి నాకు చేయి తిరిగింది. అరిసెల చెక్కల మధ్య నూనె నొక్కే పని ఆయనది. వాళ్ళ ఊళ్ళో మగవాళ్ళు పొయ్యి దగ్గరికి రావడం ఆయన చిన్నప్పుడు చూడలేదట. కలిసి ఉండే పెద్ద ఇంట్లో అయితే ఆ చెక్కలు ఆయన చేతికి ఎన్నటికీ వచ్చేవి కావని నా గట్టి నమ్మకం, ఈ మాట మా అత్తయ్య చదివినా ఫరవాలేదు.

కనుమ నాడు కాకైనా కదలదంటారు, నర్సు కదులుతుంది. కనుమ నాడు మినుము తినాలన్న మాట మాత్రం తప్పకూడదని, తెల్లవారుజామునే లేచి గారెలు వండి పెద్ద క్యారియరులో వార్డుకు తీసుకువెళ్ళాను. పండుగ పూట ఆసుపత్రిలో మిగిలేవారు కదలలేని రోగులూ, వాళ్ళ పక్కన కూర్చున్నవారూను. గంట్యాడ వైపు నుంచి వచ్చిన ఒక ముసలాయనకు తోడుగా ఉన్న కూతురు రెండు గారెలు చేతిలో పట్టుకుని చాలాసేపు తినలేదు. అడిగితే, పొద్దున్నుంచి ఇవాళ కనుమ అని తనకు గుర్తే రాలేదంది. ఆ మాట విన్న తరువాత ఆ క్యారియరు మానలేదు. 2025లో నాకు కనుమ నాడు సెలవు వచ్చినా, గారెలు ఇచ్చి రావడానికే వార్డుకు వెళ్ళాను.

అన్నీ ఇలా మాతోపాటు మోసుకు రాగలమని మాత్రం అనను. సంక్రాంతి నాడు గతించిన పెద్దలకు కొత్త బట్టలు పెట్టుకోవడం ఈ ఉత్తరాంధ్రలో ఎంత పట్టింపో ఇక్కడికి వచ్చాక చూశాను. మా రెండు కుటుంబాలలోనూ ఆ రోజు పెద్దలను తలచుకోకుండా ముద్ద ముట్టరు. అది మామయ్యగారు ఆ ఇంట్లో, ఆ గోడ మీది ఫోటోల ముందు చేయవలసినదే. అద్దె వాటాలో మేం దానికి నకలు తీయబోవడం లేదు. మామయ్యగారు ఆ పని ముగించి ఫోను చేసేదాకా మేం అన్నం తినకుండా కూర్చుంటాం. మధ్యాహ్నం రెండు దాటిన రోజూ ఉంది.

ఉగాదిది సుళువు. ఆ రోజు వంట నాది, ఓళిగలు నావి, శనగబేడలు ఉడికిన నీళ్ళతో పెట్టే చారు నాది. ఆ చారు మామ్మగారింట్లో అందరికీ ఎంత నచ్చిందంటే, ఓళిగలు లేని రోజుల్లో కూడా గిన్నె పంపుతుంటారు.

ఇక ఈ ఊరు మాకు ఇచ్చిన పండుగ ఒకటుంది. విజయదశమి వెళ్ళిన తరువాత వచ్చే సోమవారం తొలేళ్ళు అనే ముందురోజు ఉత్సవం, మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను జాతర. ఈ ఊరివారికి దాని గురించి నేను చెప్పడం తాతకు దగ్గులు నేర్పడమే అయినా, బయటి నుంచి వచ్చిన దాన్ని కనుక రెండు మాటలు చెప్పుకుంటాను. అంత పొడవు చింతమాను చివర కట్టిన ఆసనంలో పూజారి కూర్చుని అమ్మవారి చదురుగుడికీ కోటకూ నడుమ మూడుసార్లు సాగుతుంటే, ముందు పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల నడుస్తుంటే, జనం అరటిపళ్ళు విసురుతుంటే, మొదటిసారి చూసినప్పుడు నాకు కాళ్ళు వణికాయి. ఊళ్ళో ప్రతి ఇంటికీ ఆడపడుచులూ అల్లుళ్ళూ దిగుతారు. మా వాటాకు ఎవరూ దిగలేదు. అప్పుడే మాకు ఈ ఆలోచన వచ్చింది: సంక్రాంతికి మేం వెళ్ళలేకపోతే, సిరిమానుకు వాళ్ళు రావచ్చు కదా?

2024 అక్టోబరు 15 సిరిమానుకు అత్తయ్యా మామయ్యా వచ్చారు. ఏటా కనుమ నాడు ఎత్తైన ప్రభలను భుజాల మీద మోసుకొచ్చే జగ్గన్నతోట ప్రభల తీర్థం చూసిన మనిషి కనుక మా అత్తయ్యకు మొదట పెద్దగా ఆసక్తి లేదు, "మా ప్రభల ముందు ఏం చూస్తాంలే" అనే వచ్చారు. మూడో విడత తిరిగేసరికి ఆవిడ చేతిలో అరటిపళ్ళు అయిపోయి, పక్కవాళ్ళ బుట్టలోవి అడిగి తీసుకుంటున్నారు. 2025 అక్టోబరు 7కు మా అమ్మానాన్నలు కూడా ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రంతా ప్రయాణం చేసి వచ్చారు. రెండు గదులలో ఆరుగురం. మగవాళ్ళు డాబా మీద పడుకున్నారు. లోపల ఓళిగ గొప్పదా బూరె గొప్పదా అన్న వాదం అర్ధరాత్రి దాకా నడిచింది. పెళ్ళినాడు కూడా ఆ ఇద్దరు వియ్యపురాళ్ళు అంతసేపు మాట్లాడుకోలేదు.

పుట్టింటి పండుగలు అనాదిగా ఉన్నవనీ, మాలాంటివాళ్ళం చేసుకునేవి నిన్న మొన్నటి ముచ్చట్లనీ ఎవరైనా అంటే, ఈ ఊరి అమ్మవారినే చూడమంటాను. ఆమెను విజయనగర ప్రభువుల ఆడపడుచుగా చెప్పుకుంటారు. 1757 బొబ్బిలి యుద్ధం తరువాత పెద్దచెరువులో ఐక్యమైందనీ, విగ్రహం ఆ చెరువులోనే దొరికిందనీ కథ. అంటే మూడు వందల ఏళ్ళు కూడా నిండని పండుగ. దీనికీ ఒక మొదటి ఏడాది ఉండే ఉంటుంది, ఆ ఏడాది "మా తాతల నాడు ఇది లేదే" అని పెదవి విరిచినవారూ ఉండకపోరు.

కాబట్టి మీ పత్రిక ద్వారా నేను కోరేది రెండే. పండుగ పూట కూడా పని ఆపలేని ఆసుపత్రులూ, కర్మాగారాలూ తమ పండుగ నెలల డ్యూటీ చార్టును రిజర్వేషన్ తెరిచే నాటికి, అంటే 60 రోజుల ముందే ప్రకటించాలి. పండుగ డ్యూటీ వద్దని మేం అనడం లేదు, ఎవరో ఒకరు ఉండాలని మాకూ తెలుసు. ఎవరికి పడిందో ముందు తెలిస్తే పడనివారైనా బండెక్కుతారు. రెండవది, పిల్లలు రాలేదని ఉత్తరం రాయబోయే పెద్దలు ఈసారి కలం పక్కన పెట్టి ఒక టికెట్టు తీసుకుని, ఆ పిల్లలుంటున్న వాటాకు ఒక్క పండుగకైనా వెళ్ళి రావాలి. అరిసెలు గట్టిగా ఉండవచ్చు, చోటు ఇరుకు కావచ్చు.

ఈ సంక్రాంతికి ఆయనకు మళ్ళీ సి షిఫ్టే పడింది, నాకు భోగి నాడు మధ్యాహ్నం డ్యూటీ. కట్టెలు మామ్మగారి పెరట్లో సిద్ధంగా ఉన్నాయి. బియ్యం నానబెట్టాను. పిండి మరకు ఎప్పుడు ఇవ్వాలో అత్తయ్య ఈసారి కాగితం మీద రాయించారు. నా పేరు ప్రచురించవద్దని మనవి.

భవదీయురాలు,
ఒక నర్సు,
విజయనగరం