మగ్గం గుంటలో బురద

సంపాదకుల వారికి,

తుంగభద్రకు ఎగువన వరద అని వినబడితే రాజోలి, అలంపూర్ వైపు ఇప్పటికీ టెన్షనే. 2009 అక్టోబరు మొదట్లో నది ఊళ్ల మీద పడింది. నీళ్లు తీశాక మా ఇంట్లో ముందు కనబడింది మగ్గం గుంట, నేసేటప్పుడు కాళ్లు పెట్టుకునే గొయ్యి. అంచుదాకా బురద, అందులో సగం నేసిన చీర. నాయన పడుగు (మగ్గం మీది నిలువు పోగులు) ఎండబెట్టి చూశాడు, పోగుపోగూ తెగింది. నష్టం లెక్కకు వచ్చినవాళ్లు కూలిన గోడలు రాసుకున్నారు గానీ, మగ్గం అచ్చు, జరీ ఏ కాలమ్‌లో రాయాలో వాళ్లకే తెలియలేదు!

ఇప్పుడు తుంగభద్ర మీది సుంకేసుల బ్యారేజీ గేట్లెత్తితే టీవీలో క్యూసెక్కులు చెబుతారు. మాకు క్యూసెక్కులెందుకు? ఏ వీధి దాకా, ఎన్ని గంటలకు నీళ్లొస్తాయో చెప్పాలి. అర్ధరాత్రయినా దండోరా వేయించాలని అధికారులకు మనవి.

– ఒక నేత కార్మికుడు, జోగులాంబ గద్వాల జిల్లా