66 మస్టాంగ్ కన్వర్టిబుల్ ఎందుకు ఆలస్యమవుతోందంటే

అందరికీ నమస్కారం. డాలస్‌లో మన షాపులో ఉన్న 1966 ఫోర్డ్ మస్టాంగ్ కన్వర్టిబుల్ (పైకప్పు మడిచి దించే కారు) ఎప్పుడు ఇస్తారు, చెప్పిన రేటుకే ఇస్తారా అని చాలామంది అడుగుతున్నారు. ఇప్పట్లో ఇవ్వలేను, రేటూ పెరుగుతుంది. ఎందుకో దాచకుండా చెప్తాను, రేపు మీరు ఇలాంటి బండి ఇంకెక్కడ కొన్నా పనికొస్తుంది.

ఇది మా చేతికి వచ్చేసరికే ఒకసారి రీస్టోర్ అయిన, అంటే పాతదాన్ని కొత్తదానిలా బాగుచేసిన బండి. ఎర్ర పెయింట్ నిగనిగలాడుతోంది, టాప్ కొత్తది, సీట్లు కొత్తవి. కార్పెట్ ఎత్తాం. డ్రైవర్ కాళ్ల దగ్గర తుప్పు తీయకుండానే దాని మీద రేకు ముక్క అతికి, వెల్డింగ్ కనపడకుండా నల్లటి కోటింగ్ దట్టంగా పూసేశారు. స్క్రూడ్రైవర్ మొనతో నొక్కితే మెత్తగా లోపలికి దిగిపోయింది. ఆ పక్కనే తలుపు కింద పొడుగునా ఉండే రాకర్ తెరిస్తే లోపలి ఇనుము పొరలు పొరలుగా ఊడి చేతిలోకి వచ్చింది. విండ్‌షీల్డ్ ముందు జాలీ కింద ఉండే రేకు భాగం, కౌల్ అంటారు, దానికి చిల్లులు పడితే వాన నీళ్లు తిన్నగా కార్పెట్ కిందికే పోతాయి, ఆ కాలం మస్టాంగ్‌లకి ఇది అందరికీ తెలిసిన జబ్బు.

మామూలు కారులో పైకప్పు కూడా కొంత బలం మోస్తుంది. కన్వర్టిబుల్‌కి ఆ ఆసరా లేదు, మొత్తం రాకర్లు, ఫ్లోరే మొయ్యాలి, అందుకే ఫోర్డ్ వాళ్లు వీటికి కింద అదనంగా ఇనుము వేశారు. అది పోతే బండి మధ్యలో వంగుతుంది. చూడ్డానికి వెళ్లినప్పుడు టాప్ దించి, తలుపు తీసి వేసి చూడండి, తర్వాత బండిని జాకీ మీద లేపించి మళ్లీ అదే చేయండి. తలుపు పట్టేస్తే, దాని చుట్టూ సందు మారిపోతే, పెయింట్ ఎంత బాగున్నా వదిలేయండి. నంబర్ కూడా చూసుకోండి: 65, 66 మస్టాంగ్ వీఐఎన్‌లో (ఫ్యాక్టరీ ఇచ్చే బండి గుర్తింపు నంబర్) మూడు, నాలుగో స్థానాల్లో 08 ఉంటేనే ఫ్యాక్టరీ నుంచి కన్వర్టిబుల్‌గా వచ్చిన బండి. 07 అంటే అది మామూలు హార్డ్‌టాప్, ఎవరో పైకప్పు కోసేశారన్నమాట.

కాబట్టి రాకర్లు, ఫ్లోర్, కౌల్ మొత్తం తీసి కొత్తవి వేస్తున్నాం. ఆ పని అయ్యేదాకా ఇంజిన్ జోలికి పోము. ఎంత పెరుగుతుందో వెల్డింగ్ అయ్యాక రాతపూర్వకంగా చెప్తాను, ప్రతి దశలో కింది భాగం ఫొటోలు పంపిస్తాను.

ఇక కొత్తగా వేసేవాటి సంగతి. 289 వీ8, అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజిన్ అలాగే ఉంటుంది, దాన్ని మార్చమని దయచేసి అడక్కండి, ఆ శబ్దం కోసమే కదా ఈ బండి కొనేది! బ్రేకులు మాత్రం మార్చి తీరాలి. ఈ బండికి ఒరిజినల్‌గా నాలుగూ పాతరకం డ్రమ్ము బ్రేకులే, పెడల్ నొక్కితే బ్రేకులకి ఆయిల్ పంపే మాస్టర్ సిలిండర్ ఒకే సర్క్యూట్, అంటే ఒక్కచోట లీకైతే నాలుగు చక్రాలకీ బ్రేకు పోతుంది. ముందు డిస్కులు, రెండు సర్క్యూట్ల సిలిండర్ వేస్తున్నాం. ఇంజిన్‌లో స్పార్క్ కోసం ఉండే పాతరకం పాయింట్ల బదులు ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్, ఇప్పటి ఇథనాల్ పెట్రోలుకి తట్టుకునే ఫ్యూయల్ గొట్టాలు, మన టెక్సస్ ఎండలకి ఏసీ కూడా.

ఇన్ని చేసినా ఇది కొత్త కారు అయిపోదు. ఎయిర్‌బ్యాగులు లేవు, వెనక సీట్లో నడుము బెల్టులే. చిన్నపిల్లల్ని వెనక కూర్చోబెట్టి హైవే ఎక్కుతాం అనేవాళ్లకి అమ్మడం నాకు ఇష్టం లేదు, మొహమాటం లేకుండా చెప్తున్నా. రోజూ ఆఫీసుకి వేసుకెళ్దామనుకునేవాళ్లు పాత బండ్లకిచ్చే యాంటిక్ నంబర్ ప్లేట్ తీసుకోకండి, టెక్సస్‌లో అది ప్రదర్శనలు, క్లబ్బు కార్యక్రమాలు, పరేడ్ల లాంటివాటికే. ఇన్సూరెన్స్ ఏజెంటుతో మాట్లాడేటప్పుడు బండి విలువ ముందే ఒప్పుకుని రాసే పాలసీ అడగండి.

అడ్వాన్స్ ఇచ్చినవాళ్లు ఆగలేకపోతే మెసేజ్ పెట్టండి, మొత్తం తిరిగి ఇచ్చేస్తాను, పైసా కోత ఉండదు. ఆగుతామనేవాళ్లు శనివారం షాపుకి రండి, బండి ఇంకా లిఫ్ట్ మీదే ఉంది, పాత ఫ్లోర్ ముక్కలు కూడా పారేయలేదు, కిందకి దూరి మీరే చూసుకోవచ్చు.