మాలకొండయ్యకి, పాత సినిమాల్లోని ఎండ గురించి

నెల్లూరు,
రోహిణి కార్తె

ఒరేయ్ మాలకొండయ్యా,

నీ ఉత్తరం అందింది. అమ్మకి మోకాళ్ల నొప్పులు తగ్గాయని రాశావు, సంతోషం. కనిగిరిలో ఎండలు ఎట్లుండాయో నువ్వు రాయకపోయినా నాకు తెలుసు. ఇక్కడే పొద్దున తొమ్మిదింటికి మేడమీద కాలు పెట్టలేకుండా ఉన్నాం, అక్కడ ఇంక చెప్పాలా!

బడి తెరవగానే పదో తరగతి పిల్లలకి వాతావరణ మార్పు గురించి ఏదన్నా పాత సైన్స్ ఫిక్షన్ సినిమా చూపించాలని ఉంది, ఏది బాగుంటుందో చెప్పమన్నావు. రెండు ముక్కల్లో చెప్పే సంగతి కాదురా ఇది. అందుకే ఇంత పెద్ద ఉత్తరం. తీరిగ్గా కూర్చుని చదువుకో.

ముందే ఒకమాట చెప్తా. ఆ సినిమాల్లో సైన్సు చాలావరకు తప్పు. భూమి ఎందుకు వేడెక్కుతుందో వాళ్లు చెప్పిన కారణాలు నువ్వు క్లాసులో చెప్తే నీ ఉద్యోగానికే మాటొస్తుంది. కానీ వేడెక్కినాక మనుషులు ఎట్లా నడుచుకుంటారో మాత్రం అచ్చంగా పట్టుకున్నారు. లెక్కలు ఎవరు దాస్తారు, ఎవరు బయటపెడతారు, చల్లగాలి ఎవరికి దొరుకుతుంది, బిందె నీళ్లకి ఎవరు కొట్టుకుంటారు, తప్పు ఎవరిమీదకి నెడతారు, ఇదంతా ఇప్పుడు మన కళ్లముందు జరుగుతా ఉన్నట్టే ఉంటుంది. పిల్లలకి చూపించాల్సింది అదేనని నా నమ్మకం.

1961లో బ్రిటన్‌లో తీసిన ‘ది డే ది ఎర్త్ కాట్ ఫైర్’ చూశావా? వాల్ గెస్ట్ డైరెక్టరు. అమెరికా, రష్యా ఒకేసారి అణుబాంబు పరీక్షలు చేస్తాయి. దాంతో భూమి ఇరుసు 11 డిగ్రీలు పక్కకి ఒరిగి, భూమి సూర్యుడి వైపు జరగడం మొదలుపెడుతుంది. ఇది జరగని పని. ఆ సినిమా రావడానికి కొన్ని వారాల ముందే, 1961 అక్టోబరు 30న, రష్యా 50 మెగాటన్నుల బాంబు పేల్చింది. మనిషి ఇంతవరకు పేల్చినవాటిలో అదే పెద్దది. భూమి రవ్వంత కూడా కదల్లేదు. కానీ జేమ్స్ హాన్సెన్ అనే శాస్త్రవేత్త 2012లో చెప్పిన లెక్క విను. మనం వదిలిన వాయువుల వల్ల భూమి అదనంగా పట్టి ఉంచుకుంటున్న వేడి, రోజుకి 4 లక్షల హిరోషిమా బాంబులంత అట! బాంబులతో పనిలేకుండా పొగగొట్టాలే ఆ పని చేస్తా ఉండాయి. ఇది పిల్లలకి చెప్పు, నోళ్లు తెరుచుకుని వింటారు.

అయితే ఆ సినిమాని నేను ఇంతగా చెప్పేది బాంబుల కోసం కాదు. కథంతా ఒక పత్రికాఫీసులో నడుస్తుంది. డైలీ ఎక్స్‌ప్రెస్ పత్రికకి నిజంగా ఎడిటరుగా చేసిన ఆర్థర్ క్రిస్టియన్‌సెన్నే తెచ్చి ఎడిటరు వేషం వేయించారు. ఫోన్ల మోత, టైపు మిషన్ల చప్పుడు, చొక్కా చేతులు మడుచుకుని చెమట తుడుచుకునే సబ్ ఎడిటర్లు, అంతా నిజం ఆఫీసులాగే ఉంటుంది. మొదట వానలు, వరదలు. తర్వాత థేమ్స్ నది మీద వేడి పొగమంచు. విలేకరి వాతావరణ కేంద్రానికి ఫోన్ చేసి ఉష్ణోగ్రతల లెక్కలు అడిగితే ఒక్కడూ సూటిగా చెప్పడు. ప్రభుత్వం భయపడాల్సింది ఏమీ లేదంటుంది. చివరికి ఆ వాతావరణ కేంద్రంలోనే ఫోన్లు కలిపే అమ్మాయి పెద్దోళ్ల మాటలు విని నిజం చెప్తుంది. చెప్పినందుకు ఆమెని పట్టుకుపోతారు. శాస్త్రం తెలియనోళ్లు కాదు అక్కడ దాచింది, తెలిసినోళ్లే.

తర్వాత నది ఎండిపోతుంది, నీళ్లకి రేషను పెడతారు. స్నానానికి జనం వరసలో నిలబడతారు. దొంగనీళ్లు అమ్ముతారు, అవి తాగి జబ్బులు. ఆ వరస చూస్తా ఉంటే నాకు 2015 మే నెల గుర్తుకొచ్చింది. ఆ వడగాడ్పులకి మన రాష్ట్రంలో వెయ్యిమందికి పైగా పోయారు, మీ ప్రకాశం జిల్లాలోనే వందల్లో. ఒంగోలు అవతల మా పిన్నమ్మ వాళ్ల ఊళ్లో ట్యాంకరు వచ్చే వేళకి ముందురోజు రాత్రే బిందెలు వరసలో పెట్టేవాళ్లు. ఎవరి బిందె ఏదో తెలియడానికి మూతికి గుడ్డపేలికలు కట్టేవాళ్లు, ఎరుపు ఒకరిది, పసుపు ఒకరిది. ట్యాంకరు ఆగీ ఆగకముందే మగపిల్లలు పైకెక్కి మూతలోంచి పైపులు దూర్చేవాళ్లు. అంతే, వరస లేదు, గుడ్డపేలిక లేదు. ముసలోళ్లు ఖాళీ బిందె పట్టుకుని పక్కన నిలబడిపోయేవాళ్లు. ఆ సినిమా తీసినోళ్లు మన ఊరు చూడలేదు. అయినా ఆ పక్కన నిలబడిపోయిన మనుషుల్ని చూపించారు.

ఇంక దాని ముగింపు. వంగిన భూమిని సరిచేయడానికి మళ్లీ బాంబులే పేలుస్తారు! పత్రికాఫీసులో రెండు మొదటి పేజీలు తయారుగా ఉంటాయి, ‘ప్రపంచం బతికింది’ అని ఒకటి, ‘ప్రపంచం పోయింది’ అని ఒకటి. ఏది అచ్చేశారో చూపించరు. ఇప్పుడు జియో ఇంజనీరింగ్, అంటే భూమి వాతావరణాన్ని మనమే కావాలని మార్చడం గురించి జరిగే వాదన సరిగ్గా ఇదే కదా. 1991 జూన్‌లో ఫిలిప్పీన్స్‌లో పినటుబో అగ్నిపర్వతం పేలి, గంధకం పొగ ఆకాశంలో పైపొరకి చేరి ఎండని అడ్డుకుంది. దాంతో భూమి దాదాపు అర డిగ్రీ చల్లబడింది. అదే పని మనమే విమానాలతో చేద్దాం అంటారు కొందరు. సరే, చల్లబడుతుంది. వానల సంగతేంది? మన నెల్లూరుకి ఎక్కువ వాన ఈశాన్య రుతుపవనాల్లోనే. ఎక్కడో నలుగురు కూర్చుని ఆకాశంలో గంధకం చల్లి, ఇక్కడ కార్తీకంలో వాన తప్పితే మన నారుమళ్లకి ఎవరు పూచీ? ఆ బాంబుల మీట నొక్కే ముందు లండన్ వీధుల్లో జనాన్ని ఎవరూ అడగలేదు. మననీ అడగరు. ఈ ప్రశ్న నీ పిల్లలు వేయాలిరా, వాళ్ల చేత వేయించు.

‘సాయిలెంట్ గ్రీన్’ అని 1973లో ఇంకొకటి వచ్చింది. కథ జరిగేది 2022లో. న్యూయార్క్ జనాభా 4 కోట్లు, మెట్లమీద కూడా మనుషులు పడుకుని ఉంటారు, కథానాయకుడైన పోలీసు ఆ మనుషుల్ని దాటుకుంటా ఇంటికి పోతాడు. ఏడాది పొడుగునా వడగాలే. అందులో ముసలాయన నోట గ్రీన్‌హౌస్ ఎఫెక్ట్ (గాలిలోని వాయువులు వేడిని పట్టి ఉంచడం) అనే మాట వినపడుతుంది, 1973లో! ఆ ముసలాయన ఎడ్వర్డ్ జీ రాబిన్సన్. అదే ఆయన ఆఖరి సినిమా, విడుదలకి ముందే పోయాడు. స్ట్రాబెరీ జాము సీసా ఒకటి 150 డాలర్లు. ఒక డబ్బున్నాయన ఇంట్లోంచి పోలీసు కాస్త మాంసం, నాలుగు కూరాకులు, ఆపిల్ పట్టుకొస్తే, ముసలాయన మాంసాన్ని చూసి ఏడుస్తాడు. తర్వాత ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని తింటారు, మాటల్లేవు. ఆ కాసేపటిలో ఎంత పోగొట్టుకున్నారో తెలిసిపోతుంది. ఇంకోచోట డబ్బున్నోళ్ల ఇంట్లో అమ్మాయి ఏసీ బాగా పెంచుకుందాం, ఒకప్పటి చలికాలం లాగా ఉంటుంది అంటుంది. మెట్లమీదేమో జనం చెమటలో తడిసి పడి ఉంటారు.

సముద్రాలు చచ్చిపోతా ఉండాయని కంపెనీ తయారుచేయించిన రిపోర్టు ఉంటుంది. దాన్ని దాచడానికి మనుషుల్నే చంపుతారు. చంపడం సినిమా, దాచడం నిజం. అమెరికా చమురు కంపెనీ ఎక్సాన్ పెద్దలకి వాళ్ల శాస్త్రవేత్త జేమ్స్ బ్లాక్ 1977లోనే బొగ్గు, చమురు కాలిస్తే భూమి వేడెక్కుతుందని చెప్పాడు. వాళ్ల లోపలి అంచనాలు ఎంత సరిగ్గా వచ్చాయో 2023లో వచ్చిన పరిశోధన చూపించింది. బయట మాత్రం అదే కంపెనీ ఏళ్ల తరబడి ఇంకా తేలలేదు, తేలలేదు అంటానే ఉంది. ఆ సినిమా చివర్లో బయటపడే రహస్యం ఏందో నీకు చెప్పను, నువ్వే చూసుకో.

ఈ సినిమాతో నాకు పెద్ద తగాదా కూడా ఉంది. తప్పంతా జనాభాదే అంటుంది. 2022 నవంబరులో ప్రపంచ జనాభా 800 కోట్లు దాటింది. న్యూయార్క్ నగరం 4 కోట్లు కాలేదు, 80 లక్షల దగ్గరే ఉంది. వేడి మాత్రం వాళ్లు చెప్పినట్టే వచ్చింది. ఎందుకంటే తలకాయల లెక్క వేరు, పొగ లెక్క వేరు. సగటున మనిషికి ఏడాదికి మనదేశంలో దాదాపు 2 టన్నుల కార్బన్ డయాక్సైడ్ అయితే, అమెరికాలో 14 దాకా. అయినా ఇప్పటికీ టీవీలో ఎవడో ఒకడు మన పిల్లల్ని చూపించి మాట్లాడతాడు. నాకు ఒళ్లు మండిపోతుంది.

అట్లాగని మనకి సంబంధం లేదనను. కృష్ణపట్నం పక్కన నేలటూరులో దామోదరం సంజీవయ్య థర్మల్ స్టేషన్‌లో 800 మెగావాట్ల యూనిట్లు మూడున్నాయి. ఈ ఉత్తరం రాస్తా ఉంటే నా నెత్తిన తిరిగే ఫ్యాను ఆ బొగ్గుతోనే తిరుగుతా ఉండొచ్చు. అది రేపే మూసేయమని నేను అనలేను, మే నెలలో ఫ్యాను లేకుండా పసిపిల్లలున్న ఇల్లు ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. గాలిలో పొగ ఎక్కువ నింపినోడు ముందు తగ్గించాలి, మనం సూర్యుడి కరెంటుకి మారడానికి సాయం చేయాలి. ఇదే నా వాదన. నీది వేరైతే రాయి, కొట్టుకుందాం.

మంచు కరిగి భూమంతా నీళ్లలో మునిగిపోయిందని చెప్పే ‘వాటర్‌వరల్డ్’ చూపించొద్దు. ధ్రువాల్లో మంచంతా కరిగినా సముద్రం 65, 70 మీటర్లే పెరుగుతుంది. మన ఉదయగిరి కొండ మునగదు. కానీ ఒక్క మీటరు పెరిగినా ఇసకపల్లి ఉప్పుమళ్లు, అల్లూరు దగ్గర మా బావ రొయ్యల గుంటలు ఏమవుతాయో పిల్లల చేత పటం మీద గీయించు. సినిమా కంటే అదే మేలు. 2021 నవంబరులో పెన్నకి వరదొచ్చి పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్టే కొట్టుకుపోయింది కదా, అటు నది, ఇటు సముద్రం రెండూ గీయమను.

నీ క్లాసుకి నా ఓటు ‘సైలెంట్ రన్నింగ్’కి. 1972, డగ్లస్ ట్రంబుల్. భూమ్మీద అడవులన్నీ పోతే మిగిలినవాటిని గాజు గుమ్మటాల్లో పెట్టి, ఓడల్లో శని గ్రహం దగ్గర తిప్పుతా ఉంటారు. ఒకరోజు వాటిని పేల్చేసి వెనక్కి వచ్చేయండని ఆజ్ఞ వస్తుంది. లోవెల్ అనే వృక్షశాస్త్రవేత్త ఒప్పుకోడు. తోటివాళ్లు అంటారు, భూమ్మీద పేదరికం లేదు, జబ్బు లేదు, ఎక్కడైనా ఒకే హాయైన ఉష్ణోగ్రత, ఇంక అడవి ఎందుకు అని. సముద్రపు ఒడ్డున సరుగుడు తోపులు, మడ అడవులు కొట్టేసేటప్పుడు మనోళ్లు అడిగేదీ ఇదే, ఎందుకివి అని. గాలివాన వచ్చిన రాత్రి తెలుస్తుంది ఎందుకో. లోవెల్ అడవికోసం మనుషుల్నే చంపుతాడు, అది నన్ను చాలా బాధపెట్టింది. తప్పా ఒప్పా అని క్లాసులో వాదన పెట్టు. ఇంకో సంగతి, చెట్లు వాడిపోతుంటే సూర్యుడికి దూరమయ్యామని ఆ శాస్త్రవేత్తకి చాలాసేపు తట్టదు! నీ పిల్లలు ముందే పట్టేస్తారు చూడు. అందులో చిన్న రోబోలు మొక్కలు నాటడం నేర్చుకుంటాయి. రెండు కాళ్లూ లేని నటులు లోపల ఉండి, చేతులమీద నడిచి వాటిని ఆడించారు. అందుకే వాటి నడక ప్రాణమున్నట్టు ఉంటుంది.

మన ‘ఆదిత్య 369’ ఎట్లాగూ పిల్లలకి తెలుసు, దాంతోనే మొదలుపెట్టు. తీసిన సింగీతం శ్రీనివాసరావు గారు మన నెల్లూరు జిల్లావాడు, సమర్పించింది మన బాలు. 1991లో వచ్చింది. రాయల కాలం అందరికీ గుర్తుంటుంది, 2504లోకి పోయింది ఎవరూ తలుచుకోరు. పైన అణుధూళి, జనమంతా భూమి కింద బతుకుతా ఉంటారు. అప్పటి భయం యుద్ధం. పైన బతకలేక కిందకి పోవడం అనే ఆలోచన మాత్రం ఇప్పటి ఎండల్లో ఇంకోరకంగా తగులుతుంది.

ఆ తర్వాత 1958లో బెల్ టెలిఫోన్ వాళ్లకోసం ఫ్రాంక్ కాప్రా నిర్మించిన ‘ది అన్‌చెయిన్డ్ గాడెస్’ లోంచి చివరి ముక్క చూపించు. అది కథ కాదు, టీవీ పాఠం. ఫ్యాక్టరీలు, కార్లు వదిలే కార్బన్ డయాక్సైడ్‌తో భూమి వేడెక్కి, మంచు కరిగి, మునిగిన మయామీని అద్దం అడుగున్న పడవల్లోంచి చూడాల్సి వస్తుందని అందులో చెప్తారు. ఆ ఏడే మార్చిలో చార్లెస్ కీలింగ్ అనే శాస్త్రవేత్త హవాయిలో గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని కొలవడం మొదలుపెడితే, పదిలక్షల పాళ్లకి 313 పాళ్లు వచ్చింది. ఇప్పుడు 420 దాటింది. ఈ రెండంకెలూ బోర్డు మీద రాసి పెట్టు, తుడవనీయొద్దు. ‘సాయిలెంట్ గ్రీన్’ మాత్రం పిల్లలకి వద్దు. ఆడవాళ్లని ఇంటి సామానుతో పాటు అద్దెకిచ్చినట్టు చూపిస్తారు, అది మనం పెద్దోళ్లం చూసి మాట్లాడుకోవాల్సింది.

జూన్ చివర్లో ఒక శనివారం పెట్టుకుందాం. ప్రొజెక్టరు నేను తెస్తా, మా అబ్బాయి దగ్గర ఉంది. మీ బడి హాల్లో కిటికీలకి తెరలున్నాయా, కరెంటు పోతే ఇన్వర్టరు ఎంతసేపు ఆగుతుందో కనుక్కుని రాయి. ఇంగ్లీషు మాటలు నువ్వు ఆపి ఆపి తెలుగులో చెప్పాలి, కాబట్టి ముందు ఒకసారి ఇద్దరం కూర్చుని చూడాలి. నువ్వే ఒకరోజు ముందు నెల్లూరు రా, రాత్రికి చేపల పులుసు చేయిస్తా. పిన్నమ్మని కూడా తీసుకురా, మా ఆవిడ అడుగుతా ఉంది.

నీ,
పెంచలయ్య